పిట్టకథల పెత్తనం

హరికథలు విన్నవారికి పిట్టకథ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. సీతమ్మవారు అశోకవనంలో కన్నీరుమున్నీరుగా ఏడుస్తూంటుంది. హనుమంతుడు చెట్టెక్కి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే దాసుగారు చిడతలు ఆపి, ‘‘వెనకటికి ఒక ఊళ్ళో ఒక పిసినారి ఉండేవాడుట’’ అని ఎత్తుకుంటారు. కునికిపాట్లు పడేవాళ్ళంతా లేచి కూర్చుంటారు. సీతమ్మ సంగతి ఏమయిందని అడిగిన పాపాన పోయినవాడు లేడు.

ఇది ఇప్పుడెందుకంటే, మా మేనల్లుడు సెలవులకు చల్లపల్లి వచ్చి కంప్యూటరు మీద ఒక ఆట ఆడుతున్నాడు. పేరు ‘ది విచర్ 3’. పోలండు దేశంవాళ్ళు 2015లో విడుదల చేసింది. నాయకుడు గెరాల్టు, రాక్షసులను చంపడం అతని వృత్తి. పెంచుకున్న కూతురు సిరిని ప్రేతాల్లాంటి రౌతులు తరుముతూంటే ఆమెను వెతికి రక్షించడం అసలు కథ. మావాడు చూస్తే ఏదో సత్రంలో కూర్చుని పేకాట! అంతకుముందు ఒక ముసలమ్మ, తాళం వేసిన గుడిసెలో తన పెనం ఉండిపోయిందని మొరపెట్టుకుందిట. వీపున రెండు కత్తులు కట్టుకున్న ఆ మహావీరుడు వెళ్ళి పెనం తెచ్చిపెట్టాడు. తేకపోయినా కథకు వచ్చే లోటేమీ లేదు.

‘‘పిల్ల ప్రాణం మీదికొస్తే నీకు పెనం ముఖ్యమయిందిట్రా?’’ అన్నాను.

‘‘ఆ పిల్ల ఎక్కడికీ పోదు మావయ్యా. నేను వెళ్ళేదాకా అలాగే ఉంటుంది.’’

కోప్పడదామనుకున్నాను గాని, మన భారతం మాత్రం చేసిందేమిటి? ఉపాఖ్యానాలు తీసేస్తే భారతం 24,000 శ్లోకాలేనని ఆదిపర్వంలోనే ఉంది. అన్నీ కలిపితే లక్ష. జూదంలో సర్వం ఓడి అడవిలో దిగులుపడుతున్న ధర్మరాజుకు బృహదశ్వుడు నలుడి కథ చెబుతాడు. నన్నయగారు తెనిగించిన భాగమే అది. నలుడూ పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్నవాడే. ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చి మళ్ళీ గెలుచుకున్నాడు. కథ చెప్పి ఆ ముని ఊరుకోలేదు సుమండీ. ఆ అక్షహృదయాన్నే ధర్మరాజుకు ఉపదేశించి మరీ వెళ్ళాడు. తరువాత విరాటుడి కొలువులో కంకుభట్టు పాచికలు వేస్తూంటే నాకు బృహదశ్వుడే గుర్తొస్తాడు.

కూచిపూడి మాకు పొరుగూరు. కృష్ణుడు కంసుణ్ణి చంపడం, గీత చెప్పడం లాంటి ఘనకార్యాలు ఎన్ని ఉన్నా, ఆ ఊరి పేరు నిలబెట్టింది భామాకలాపం, అంటే సత్యభామ అలక! ఇక 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. శశిరేఖ పెళ్ళి వ్యాసభారతంలో లేనే లేదు. పాండవులు ఒక్కరైనా తెరమీద కనిపించరు. లేరేమని ఎవరైనా బెంగపడ్డారా?

అలాగని పిట్టకథలన్నీ గొప్పవని నేననను. పది తోడేళ్ళను చంపి తోళ్ళు పట్టుకురా అనే పనులు కొన్ని ఆటల్లో ఉంటాయిట. అది కథ కాదు, కూలిపని. ‘ఫాలౌట్’ అని 1997లో అమెరికావాళ్ళు చేసిన ఆట ఒకటుందని మావాడే చెప్పాడు. నేలమాళిగలో దాగి ఉన్న తనవాళ్ళకు మంచినీళ్ళ యంత్రంలో పోయిన భాగాన్ని 150 రోజుల్లో తెచ్చివ్వాలి. ఆలస్యమైతే అంతే సంగతులు. కాల్వ చివరి భూముల రైతులకు ఈ ఆట ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు.

‘ఎక్కడికీ పోదు’ అన్న మాట మాత్రం నన్ను వదలలేదు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చేనాటికి నేను హైదరాబాదులో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. నాలుగు రోజులుండి వద్దామని వచ్చాను, నాలుగేళ్ళయింది. మందులు, చేలో నీటి తంటాలు, సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని భారతం చదవడం. బంధువులు వచ్చినప్పుడల్లా, ‘‘మరి అసలు సంగతి ఏం చేశావోయ్?’’ అనేవారు. అసలు సంగతి నాకోసం ఆగలేదు. పరీక్షకు వయసు దాటిపోయింది. అన్నయ్య కథ అమెరికా దాకా వెళ్ళింది.

నాన్నగారికి నలోపాఖ్యానం ఇష్టం. దమయంతి అయిదుగురు నలుల మధ్య నిలబడే ఘట్టం వచ్చేసరికి, మాట సరిగా రాకపోయినా, మళ్ళీ చదవమని వేలితో సైగ చేసేవారు. మళ్ళీ చదివేవాణ్ణి. యుద్ధపర్వాల దాకా మేము వెళ్ళనే లేదు.