ఎదురింటి ముల్లంగి కేకు

కేకంటే మనకు తీపి, పైన క్రీము, పక్కన కొవ్వొత్తి. ముల్లంగితో కేకేమిటని సింగపూర్ వచ్చిన కొత్తలో తెగ నవ్వుకున్నాను. పైగా ఇక్కడి హాకర్ సెంటర్లలో, అంటే ఒకే కప్పు కింద బోలెడు తిండి దుకాణాలుండే చోట, బోర్డు మీద 'క్యారెట్ కేక్' అని రాసుంటుంది. వెతికినా అందులో క్యారెట్ ముక్క కనబడదు. చైనీయులు క్యారెట్‌ను 'ఎర్ర ముల్లంగి' అంటారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ ఎరుపు, తెలుపు తేడా ఎక్కడో జారిపోయి తెల్ల ముల్లంగి కాస్తా క్యారెట్ అయి కూర్చుంది.

అయితే అక్కడ దొరికేది ముక్కలు చేసి గుడ్డుతో వేయించిన రకం. మా ఆయనకు ఇష్టం, నాకు పనికిరాదు. చైనా కొత్త సంవత్సరానికి ఇళ్ళలో చేసేది వేరు. కాంటనీస్ వాళ్ళు దాన్ని 'లో బాక్ గో' అంటారు. లో బాక్ అంటే ముల్లంగి, గో అంటే కేకు. అదే 'గో' ఇంకో అక్షరంతో రాస్తే 'ఎత్తు' అని అర్థం. అందుకే చదువు, ఉద్యోగం, పిల్లల పొడవు అన్నీ ఈ ఏడు ఓ మెట్టు పైకెక్కాలని కోరుకుంటూ తింటారు. హొక్కియెన్ భాషలోనైతే ముల్లంగి పేరే శుభ సూచనలా వినిపిస్తుందట. మన దగ్గర ముల్లంగికి ఇంత మర్యాద ఎప్పుడైనా దక్కిందా? సాంబారులో పడేస్తే పిల్లలు ఏరి పక్కన పెడతారు!

నాకిది నేర్పింది ఎదురు ఫ్లాట్ ఆంటీ. ఇక్కడ పెద్దవాళ్ళంతా ఆంటీలు, అంకుల్‌లే. ఈవిడ డెబ్బై దాటిన కాంటనీస్ మనిషి. ఈ కేకులో మామూలుగా ఎండురొయ్యలు, పందిమాంసం సాసేజ్ పడతాయి. నేను శాకాహారినని తెలిసి, "పండుగ మొదటి రోజు మేమూ మాంసం ముట్టం, నీకు ఆ రకం నేర్పుతాను" అంది. బౌద్ధం పాటించే చాలా ఇళ్ళలో ఆ అలవాటు ఉంది.

కిలో ముల్లంగికి పావుకిలో బియ్యప్పిండి, రెండు చెంచాల మొక్కజొన్న పిండి. ముల్లంగిని చేత్తోనే తురమాలి, సగం సన్నగా, సగం లావుగా. మిక్సీలో వేస్తే పచ్చడైపోతుంది. తురుమును దాని నీళ్ళతోనే మూకుట్లో మగ్గనిస్తే ఘాటు వాసన పోయి, అద్దంలా మారి, తియ్యటి వాసన వస్తుంది. ఎండు పుట్టగొడుగులను నానబెట్టి, చిన్న ముక్కలు చేసి, వేరుశనగపప్పుతో కలిపి నూనెలో వేయించాలి. నానబెట్టిన నీళ్ళు పారబోస్తానేమోనని ఆంటీ గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టింది. పిండి కలపాల్సింది ఆ నీళ్ళతోనే. ఉప్పు, చిటికెడు పంచదార, తెల్ల మిరియాల పొడి. అన్నీ కలిపి సన్న సెగమీద తిప్పుతుంటే దిబ్బరొట్టె పిండిలా చిక్కబడుతుంది. నూనె రాసిన గిన్నెలోకి తీసి గంటసేపు ఆవిరి పట్టాలి. మా ఇంట్లో ఆ పని ఇడ్లీ పాత్రదే.

అసలు కష్టం తర్వాత ఉంది. వేడిగా కోస్తే ముద్దముద్దగా విరిగిపోతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు బిళ్ళలుగా కోసి, పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చాలి. పైన కరకర, లోపల వెన్న. ఏమాటకామాటే, హోటళ్ళలో డిమ్ సమ్ బండి మీద వచ్చేవి నాకు నచ్చవు. ముల్లంగి తగ్గించి పిండి దట్టిస్తారు. గోడకు కొడితే తిరిగి చేతికొచ్చేలా ఉంటాయి.

ఈ పండుగ జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది. 2023లో జనవరి 22న పడింది. మా ఇంట్లో సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. అంతకు రెండు నెలల ముందే అంకుల్ పోయారు. మా అంతస్తులో అన్ని తలుపులకూ ఎర్ర కాగితాలు వేలాడుతుంటే ఆంటీ తలుపు బోసిగా ఉంది. ఏటా ఆ వారంలో వరండా అంతా నిండిపోయే ముల్లంగి వాసన లేదు.

ఆ బోసితనం నాకు కొత్త కాదు. నాన్న పోయిన ఏడాది సంక్రాంతికి మా ఇంట్లోనూ మూకుడు పెట్టలేదు. పిండివంటలన్నీ ఎదురింటి పిన్నిగారు పంపారు. అప్పుడు అమ్మ ఒక అరిసె తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

ఊరి ఆచారం తెలియకుండా గిన్నె పట్టుకెళ్ళి తలుపు కొట్టడం నాకిష్టం లేదు. లిఫ్టు దగ్గర ఆంటీ కనిపిస్తే నేరుగా అడిగాను, "ఈసారి నేను చేసి తెస్తే తీసుకుంటారా?" అని. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మా ఇంటి పద్ధతిలో ఈ ఏడాది మేం చేయకూడదు. ఎవరైనా తెస్తే తినొచ్చు" అంది. సాయంత్రం బెల్లు మోగింది. చేతిలో తన పాత అల్యూమినియం గిన్నె, అంచు ఒకచోట సొట్టపోయింది. ఇచ్చేసి, లోపలికి రమ్మన్నా రాకుండా వెళ్ళిపోయింది.

రెండు కిలోల ముల్లంగి తురిమేసరికి మణికట్టు పట్టేసింది. ఆవిడ ఏటా ఎనిమిది గిన్నెలు చేసేది, పిల్లలకు, తోడికోడళ్ళకు, కింద అంతస్తు వాళ్ళకు, మాకు. అన్ని కిలోలు ఆ చేతులు ఎలా తురిమాయో!

మర్నాడు పొద్దున చల్లారిన గిన్నె మీద మూతపెట్టి ఇచ్చాను. ఎర్ర కాగితం చుట్టలేదు, శుభాకాంక్షలు చెప్పలేదు. మా వాళ్ళయినా అంతే చేసేవాళ్ళు.

మూడు రోజుల తర్వాత గిన్నె కడిగి తిరిగొచ్చింది. ఖాళీగా రాలేదు, అడుగున గుప్పెడు పటికబెల్లం ఉంది. "గిన్నె నీ దగ్గరే ఉంచు. వచ్చే ఏడు కూడా దీన్లోనే చెయ్యి" అంది ఆంటీ. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మిరియాలు చాల్లేదు. ఆయనకైతే ఇంకో అరచెంచా కావాలి" అంది.