గాలిలోకి రాని తాళం

లినక్స్‌లో వైఫై కలవకపోతే చాలామంది పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొడతారు. నాకైతే ముందు లాగ్ తెరవాలనిపిస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పే వ్యవస్థ చేతిలో ఉండగా ఊహాగానాలెందుకు?

ఆ చెప్పేది చాలా లినక్స్ యంత్రాల్లో డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ప్రోగ్రామ్. ఫిన్లాండ్‌కు చెందిన యౌని మాలినెన్ రాశారు. డబ్ల్యూపీఏ2లో రూటర్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. రెండింటి దగ్గరా ఒకే తాళం ఉందని తేలుతుంది, తాళం మాత్రం గాలిలోకి రాదు. ఎంత అందమైన ఏర్పాటు!

ఆ తాళం పుట్టేది పాస్‌వర్డ్ ఒక్కదాని నుంచే కాదు. నెట్‌వర్క్ పేరు కూడా కలిపి 4096 సార్లు గణిస్తారు. అందుకే రూటర్ పేరు మార్చి, సెట్టింగుల ఫైల్లో పాత 64 హెక్స్ అంకెల తాళాన్నే ఉంచితే, పాస్‌వర్డ్ మారకపోయినా కనెక్షన్ కుదరదు. తాళం తప్పు కావచ్చని లాగ్ సూచిస్తుంది. ఆ ఒక్క వాక్యం చదివితే పూట కలిసొస్తుంది.

కొన్నిసార్లు లోపం ఎన్‌క్రిప్షన్‌లో ఉండదు. ఫర్మ్‌వేర్ లేకపోవచ్చు, రేడియో ఆపేసి ఉండొచ్చు. అదీ లాగ్‌లోనో, ఆర్‌ఎఫ్‌కిల్ ఆదేశంలోనో కనబడుతుంది.

ఒక్కటే నా విన్నపం. కుదరలేదని విసుగొచ్చి రూటర్‌ను పాస్‌వర్డ్ లేకుండా వదిలేయకండి, పాత డబ్ల్యూఈపీకి మళ్లకండి. దాని బలహీనత 2001లోనే బయటపడింది.