పారేయబుద్ధి కాని రంగు కాగితం

గుంతకల్లు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది రైలు జంక్షనే కదూ! ముంబై, చెన్నై, బెంగళూరు, బళ్ళారి... ఎటు పోవాలన్నా ఇక్కడ రైలు దొరుకుతుంది. కసాపురం ఆంజనేయస్వామి దర్శనానికొచ్చే వాళ్లూ ఇక్కడే దిగుతారు. ఈసారి వచ్చినప్పుడు ఓ అరగంట తీరిక చేసుకుని బజారు కూడా చూడండి. ఫ్యాన్సీ అంగళ్లలో చుట్టలుగా నిలబెట్టిన గిఫ్టు పేపర్లు ఈ ఎండల ఊరికి పూలతోట పెట్టినట్టుంటాయి.

పల్లెల్లో పెండ్లి చదివింపులంటే డబ్బో, స్టీలు బిందెనో. బిందెకు కాగితం చుట్టరు, పేరు చెక్కిస్తారు. 1956లో ఇక్కడ రైల్వే డివిజన్ ఏర్పడింది. క్వార్టర్లలో రకరకాల భాషల వాళ్లు ఇరుగుపొరుగయ్యారు. పుట్టినరోజులు, ట్రాన్స్‌ఫర్లు, రిటైర్మెంట్లు... లెమన్ సెట్టుకీ, గోడ గడియారానికీ రంగు కాగితం చుట్టి ఇవ్వడం అందరికీ అలవాటైపోయింది.

అసలీ కాగితం కథ గమ్మత్తైనది. 1917లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ సోదరుల అంగడిలో క్రిస్మస్‌కు చుట్టే పల్చటి కాగితం అయిపోయింది. కవర్ల లోపల అతికించే ఫ్రెంచి పూల కాగితాన్ని షీటు పది సెంట్లకు పెడితే ఇట్టే అమ్ముడుపోయింది! తర్వాత 1960లలో లండన్ కుర్రకారు ఫ్యాషన్లు వచ్చాయి. పెద్ద పెద్ద పూలు, గుండ్రాలు, నారింజ పక్కనే గులాబీ రంగు. బట్టల మీది డిజైన్లే కాగితం మీదికీ ఎక్కాయి. అలాంటి పూలే మన నైలెక్సు చీరల మీదా పూశాయి, గుర్తుందా?

మన వైపు రంగుల అచ్చుకు పెట్టింది పేరు తమిళనాడులోని శివకాశి. అగ్గిపెట్టెల మీది బొమ్మలతో మొదలై కేలండర్లు, శుభలేఖలు, గిఫ్టు పేపర్లదాకా అచ్చు పని పెరిగింది. గోడకు పటం కొనలేని ఇంటికి ఒక్క షీటు కాగితమే లోకంలోని ఫ్యాషన్‌ను మోసుకొచ్చింది.

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. బిందె నీళ్లను నాలుగు పనులకు సర్దే చేయి, రంగు కాగితాన్ని పారేస్తుందా? టేపు చిరగకుండా మెల్లగా ఊడదీసి, పరుపు కింద పెట్టి మడతలు పోగొడతాం. పెద్ద ముక్క బీరువా అరలోకి, మధ్యరకం పిల్లల పుస్తకాల అట్టలకి, మిగిలింది వినాయక చవితి అలంకారానికి. ఒక పెండ్లి కాగితం మూడేళ్లు ఇంట్లో తిరుగుతుంది.

ఇప్పుడొచ్చే మెరుపు కాగితాల్లో చాలావాటికి ప్లాస్టిక్ పొర ఉంటోంది. అట్ట వేస్తే జారిపోతుంది, కాలిస్తే కంపు, పారేస్తే కాలువలో అడ్డం. కొనేముందు చిన్న పరీక్ష చేయండి. ఒక మూల ముక్కను గుప్పిట్లో నలపండి. నలిగినట్టే ఉండిపోతే మామూలు కాగితం. మళ్లీ విచ్చుకుంటే ప్లాస్టిక్ ఉన్నట్టే.

టేపుకు బదులు పూలదారంతో కట్టండి, విప్పినా చిరగదు. ఆడపడుచుకో, అక్కచెల్లెళ్లకో ఇచ్చేదైతే రవికె గుడ్డలోనే చుట్టివ్వండి. చుట్టినదీ కానుకే అవుతుంది!