ఆపా సందూక్‌లో రెండు కితాబులు

మా ఆపాకు అక్బరీ అని పేరు పెట్టింది నేనే.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆదోనిలో మామూ వాళ్లింట్లో ఉండి ఉర్దూ మీడియంలో చదువుతున్నా. సెలవులకు మద్దికెర వచ్చినప్పుడల్లా అబ్బాకు చదివి వినిపించడానికి ఏదో ఒక కితాబు చంకన పెట్టుకొచ్చేవాణ్ణి. ఆ ఏడు తెచ్చింది డిప్టీ నజీర్ అహ్మద్ రాసిన 'మిరాతుల్ ఉరూస్'. రాత్రి ఇషా నమాజ్ అయ్యాక అబ్బా నులక మంచం మీద, అమ్మీ బియ్యం చేటతో గడప దగ్గర, నేను లాంతరు ముందర.

కథ మీలో చాలామందికి నానీ, దాదీల నోటనైనా తెలిసే ఉంటుంది. ఢిల్లీలో ఇద్దరు అక్కచెల్లెళ్లు. పెద్దది అక్బరీ, నానీ లాడ్‌ప్యార్‌లో చెడిపోయిన బద్‌మిజాజ్. చిన్నది అస్గరీ, నిలువెల్లా సలీఖా. ఇద్దరినీ ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇస్తారు. అక్బరీ సాస్‌తో జగడమాడి అలగ్ కాపురం పెట్టిస్తుంది. హజ్జన్ వేషంలో వచ్చిన ఒక మోసగత్తె చేతికి నగలు అప్పజెప్పుకొని ఏడుస్తుంది. అస్గరీ అదే ఇంటికి వచ్చి, పనిమనిషి మామా అజ్మత్ దొంగలెక్కలు బయటపెట్టి, ఇల్లు చక్కబెట్టి, మహల్లా ఆడపిల్లలకు మక్తబ్ నడుపుతుంది. ఇది 1869లో వచ్చింది. ఆయన తన కూతుళ్లు చదువుకోవడానికని రాసుకున్నది. సర్కారు మెచ్చి వెయ్యి రూపాయల ఇనాం ఇచ్చింది.

మేము ఆ కితాబు సగంలో ఉండగానే ఆపా వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోనికి, అక్కణ్ణుంచి రైల్లో గుంతకల్లుకు, గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద మూడు గంటలు, మళ్లీ మద్దికెర రైలు. చంకలో ఏడాది పిల్ల, ఒక సంచి. దూలేభాయ్ తోడు రాలేదు.

"క్యా హువా?" అని అమ్మీ అడిగితే ఆపా ఒక్కటే మాట. "అలగ్ కమ్రా హోనా బోలీ. ఇత్తాచ్."

అబ్బా తల పట్టుకున్నాడు. అమ్మీ ఏడ్చింది. నేను మాత్రం కితాబు చేతిలో పట్టుకొని గొప్పగా నవ్వి, "లేవ్, అక్బరీ ఆగయీ" అన్నాను. అబ్బాకు కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పేరు స్థిరపడిపోయింది. చాచీలు అన్నారు, ఖాలాలు అన్నారు, చివరికి ఎమ్మిగనూరులో సాస్ చెవిదాకా పోయింది. పదిహేను రోజుల తర్వాత అబ్బా ఆపాను తిరిగి దింపివస్తే, ఆమె గుమ్మంలోనే "ఆవో అక్బరీ బేగం" అని పిలిచిందట. ఆపా ఇది నాకు చెప్పింది పదేళ్ల తర్వాత, అదీ వేరే మాటల్లో పడి.

ఆ ఇల్లు నేను పెద్దయ్యాక చూశాను. రెండు గదులు, ఒక పడసాల. నలుగురు అన్నదమ్ములు, ముగ్గురికి పెళ్లిళ్లయినాయి. ఆపా వాళ్ల వంతు పడసాలలో ఒక మూల, అడ్డంగా పాత చీర. ఆమె బట్టలు మార్చుకోవాలంటే మరుదులు బయటికి పోయేదాకా ఆగాలి. జహేజ్‌లో తీసుకుపోయిన సందూక్‌కు తాళం వేస్తే, "ఘర్ మే చోరాఁ హైఁ క్యా?" అని సాస్ నిలదీసేది. ఇన్నేళ్లలో ఇవేవీ మేము అడగలేదు. బద్‌మిజాజ్ అనే మాట ఉండగా అడగాల్సిన పనేముంది?

డిగ్రీలో నేను తెలుగు సాహిత్యం తీసుకున్నా. ఉర్దూ మీడియం పిల్లోడు తెలుగులో చేరడం ఆదోనిలో అప్పట్లో ఒక వింత. అక్కడ కందుకూరి వీరేశలింగం ఎదురైనాడు. ఆడవాళ్ల కోసం 1883లో 'సతీహితబోధిని' పత్రిక పెట్టి, 'సత్యవతీ చరిత్రము' రాసిన పెద్దమనిషి. నాకు ఆశ్చర్యం ఏమంటే, సత్యవతిని నేను ముందే కలిసినట్టుంది. ఢిల్లీ అస్గరీకి రాజమండ్రి చీర కట్టినట్టే ఉంది. ఇద్దరు రచయితలకూ ఆడపిల్ల చదవాలనే ఉంది, అందులో దొంగతనం లేదు. కానీ ఆ చదువంతా అత్తగారింటి లెక్కల పుస్తకంలోనే ఖర్చవుతుంది. అస్గరీ తెలివికి తనకంటూ ఒక్క సాయంత్రమైనా మిగలదు. అక్బరీ తనకేం కావాలో నోరు తెరిచి అడిగింది కాబట్టి, అలగ్ ఇంట్లో అడుగు పెట్టగానే రచయిత ఆ హజ్జన్‌ను పంపించాడు. (నజీర్ అహ్మద్ తర్వాత 1891లో 'అయామా' రాశాడు, బేవా నికాహ్ గురించి. మనిషి కదిలాడు. మేమే 1869లో ఆగిపోయినాము.)

మరి తెలుగులో మా ఆడవాళ్లు? చలం 'మైదానం' సిలబస్ బయట దొంగచాటుగా చదివాను. రాజేశ్వరి మొగుణ్ణి వదిలి అమీర్‌తో పోతుంది. అందరూ రాజేశ్వరి గురించి వాదులాడుకుంటుంటే నేను అమీర్ ఇంట్లో ఆడవాళ్ల కోసం వెతుక్కున్నా. మా ఇంటి గొంతులు తెలుగు అచ్చులో నాకు మొదట వినిపించింది ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో, ఆ తర్వాత షాజహానా 'నఖాబ్'లో. అందులో మా ఆడవాళ్లు తిడతారు, అడుగుతారు, ఎదురు తిరుగుతారు. ఎవరికీ తమీజ్ సర్టిఫికెట్ ఇవ్వరు.

ఉర్దూలో రషీద్ జహాఁ కథ 'దిల్లీ కీ సైర్' కూడా అప్పుడే దొరికింది. 1932లో లక్నోలో అచ్చయి, మరుసటి ఏడే సర్కారు జప్తు చేసిన 'అంగారే'లోది. ఫరీదాబాద్ నుంచి మొగుడితో ఢిల్లీ చూడటానికి వచ్చిన బీబీని స్టేషన్లోనే సామాన్ల మీద కూర్చోబెట్టి, ఆయన దోస్తుతో వెళ్లిపోతాడు. బుర్ఖాలో ఆమె, చుట్టూ జనం చూపులు. అంతే కథ. చదువుతుంటే నాకు ఢిల్లీ కనబడలేదు. గుంతకల్లు ప్లాట్‌ఫారం కనబడింది, చంకలో పిల్లతో మూడు గంటలు.

అయినా నాకు బుద్ధి వచ్చిందనుకోకండి. పత్రికలో చేరాక మహిళా దినోత్సవానికి ఒక ఫీచర్ రాశాను. పరదా, కన్నీళ్లు, ఖామోషీ, అన్నీ కలిపి. పక్కన నఖాబ్‌లోంచి రెండు కళ్ల ఫొటో. అందులో ఒకామె మా ఆపాయే, పేరు మార్చాను. అప్పటికి ఆమె ఎమ్మిగనూరులోనే అలగ్ గది బాడుగకు తీసుకొని, మిషన్ పెట్టి ఖమీజులు, స్కూలు యూనిఫారాలు కుడుతోంది. దూలేభాయ్ ఆరు నెలలు అలిగి, తర్వాత ఆ గదికే వచ్చి చేరాడు. ఫీచర్ చదివి వినిపిస్తే ఆపా చివరిదాకా విని, "నేను ఏడ్చింది రాసినావు. బాడుగ కట్టింది రాయలేదేంరా?" అంది.

పోయిన నెల భాంజీ నికాహ్ మాటలకని ఎమ్మిగనూరు పోయినా. గుంతకల్లులో ఆపా చంకలో ఉన్న ఆ పిల్ల చెల్లెలు. ఆపా పాత సందూక్ తెరిచి జహేజ్ సామాను సర్దుతోంది. అడుగున మౌలానా అష్రఫ్ అలీ థానవీ 'బహిష్తీ జేవర్', తన నికాహ్‌లో అబ్బా ఇచ్చింది. దాని మీద నా 'మిరాతుల్ ఉరూస్'. అది ఆమె దగ్గరికి ఎప్పుడు చేరిందో నాకే తెలియదు. తమాషా ఏమంటే, ఆడవాళ్లు చదివితే నష్టమని థానవీ సాహెబ్ చెప్పిన కితాబుల్లో మిరాతుల్ ఉరూస్ కూడా ఉంది. రెండూ ఇరవై ఏళ్లకు పైగా ఒకే బట్టల కింద పడుకున్నాయి.

"ఇది చదువు" అని ఆపా బహిష్తీ జేవర్‌లో ఒక పేజీ తెరిచింది. అంచు మడిచి మడిచి చిరిగిపోయి ఉంది. బీబీకి మొగుడి చుట్టాలు లేని చోటు ఇవ్వడం మొగుడి మీద వాజిబ్. ఒక గదైనా చాలు, ఆమె తన సామాను పెట్టుకొని తాళం వేసుకోగలిగితే. సారాంశం ఇదే. ఆజ్ఞలో ఉండాలని చెప్పే పేజీలు మాకు జుమ్మా జుమ్మాకూ వినిపించేవి. ఈ పేజీ ఎవరూ చదివి వినిపించలేదు. నేను అప్పటికే ఉర్దూ గడగడా చదివేవాణ్ణి.

"ఎప్పుడు చూసినావు ఇది?"

"గుంతకల్లులో. సంచిలో ఇదే ఉండె. మూడు గంటలు ఏం చేయాల?"

అంటే ఆ రాత్రి నేను అక్బరీ అని పిలిచినప్పుడు ఆమె సంచిలో ఈ పేజీ ఉంది.

"మరి అబ్బాకు చూపించలేదేం?"

ఆపా జవాబు చెప్పలేదు. చీరలు మడత పెట్టుకుంటూ ఉండిపోయింది.

సాయంత్రం సమ్ధీలు వచ్చారు. చాయ్ అయ్యాక తారీఖు మాట ఎత్తారు. ఆపా తలుపు చాటు నుంచే, "పిల్లకు గది ఏదీ?" అని అడిగింది. అబ్బాయి అబ్బా, పాపం మంచి మనిషే, మేడమీద కడుతున్నామని, గోడలు లేచాయని, తలుపు ఇంకా పెట్టలేదని చెప్పాడు. మా చాచా ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు తెలుసు. నేను ఆయన వంక చూసేసరికి ఆగిపోయాడు.

"తలుపు పెట్టినాక తారీఖు పెట్టుకుందాం భాయ్" అంది ఆపా.

వేపచెక్క తలుపుకు ఆదోనిలో ఆర్డర్ ఇచ్చారట. నిన్న ఫోన్ చేసి అడిగితే, ఇంకా రాలేదంది.