మామగారి అల్విన్ బండి

చిలకలూరిపేట నుండి పర్చూరు పోవు బాటలో, నల్లరేగడి చేల నడుమ మా అత్తవారి యూరు కలదు. పూర్వము గుంటూరు, ప్రకాశము జిల్లాలకు అది పొలిమేర. 2022లో జిల్లాలను విభజించినప్పుడు పేట పల్నాటికిని పర్చూరు బాపట్లకును పోయినవి గాని నేల గుణము మారలేదు. వానకు కాలు దిగబడును, ఎండకు నోరు తెఱచును. మాఘమాసమున ఆ బాటను పోవువారికి కల్లములపై ఎండు మిరపకాయల ఘాటుచే తుమ్ములు తప్పవు.

ఆ యింటి వేపచెట్టు క్రింద పదునొకండేండ్లు కదలక నిలిచిన బండిని గూర్చి సోదరీమణులకు చెప్పవలెనని చాల దినములుగా ననుకొనుచున్నాము.

అది అల్విన్ నిస్సాన్ చిన్న లారీ. అల్విన్ అనగానే మన పెద్దవారికి రిఫ్రిజిరేటరు జ్ఞప్తికి వచ్చును. 1942లో హైదరాబాదున పుట్టిన యా సంస్థయే, 1980 తరువాతి దశకమున జపాను దేశపు నిస్సాన్ వారితో కలసి జహీరాబాదులో ఈ బండ్లను చేసెను. ఆ కాలముననే డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్దా, ఐచర్ మిత్సుబిషి బండ్లును వచ్చినవి. వానిలో డీసీఎం పేరు ఆ కూటమి పోయిన పిమ్మటను నిలిచినది. నేటికిని మనవారు ఆ పాటి బండి ఎవరు చేసినదైనను డీసీఎం అనియే పిలుతురు. తెలుగునేలపై పుట్టిన అల్విన్‌కు మాత్రము ఆ భాగ్యము లేకపోయెనని మాకొకింత కినుక.

కీర్తిశేషులైన మామగారు పత్తి సొమ్ముతో 1986లో దానిని కొనిరి. మఱుసటి యేట తెల్లదోమ వచ్చెను. మందు కొట్టినకొలది దోమను తిను పురుగులు చచ్చి, దోమయే పెరిగెను. 1987-88 నాటి ఆ పత్తినష్టమునకు, అప్పులకు తాళలేక రెండు జిల్లాలలోను రైతులు పెక్కురు ప్రాణములు తీసికొనిరి. మామగారికిని ఐదెకరముల పంట పోయెను. ఆయన బండి నెక్కిరి. పగలు మిరప టిక్కీలను గుంటూరు యార్డుకును, రాత్రి ఇతరుల పత్తి బోరెములను మిల్లులకును తోలి, నాలుగేండ్లలో మందుల అంగడి అప్పు తీర్చిరి. అత్తగారు అర్ధరాత్రి ఇంజను చప్పుడు ఊరి చెరువు కట్టపై వినబడగానే లేచి పొయ్యి రాజేసెడివారట.

ఇట్టి బండిని పాతయినుముకు వేయుదమని మా మరిది యనెను. ఆయన మాటలోను అధర్మము లేదు. కుమారుని కాలేజీ రుసుము కట్టవలెను. అత్తగారు మంచముమీదనుండియే, “అబ్బాయ్, దాన్ని తూకానికి వెయ్యాలంటే ముందు నన్ను వెయ్యండి” అనిరి. ఇంక నెవ్వరును మాటాడలేదు. తుదకు తూకమున వచ్చెడి సొమ్ములో మరిది వంతు మేమే యిచ్చి బండిని నిలుపుకొంటిమి. అందుకై మా చీటీ సొమ్ము పోయెను. బడిపంతులు ఇంట చీటీ యనగా నేమో చదువరులకు వేఱ చెప్పనక్కఱలేదు.

మొదట మోసపోయితిమి. దగ్గఱనున్న యొక పట్టణములో టింకరింగు చేయువాడొకడు తుప్పు పట్టిన రేకును కోయక, పైన లప్పము పూసి, నిగనిగలాడు రంగు వేసి పదునెనిమిది వేలు పుచ్చుకొనెను. శ్రావణమాసపు వానలకు తలుపు అడుగుభాగము పెచ్చులుగా రాలెను. రంగు చూచి మురిసినది మేమే గనుక ఎవరిని అనగలము?

పిమ్మట ఇంజను విప్పించి, మావారు సెలవు దినములలో విజయవాడ జవహర్ ఆటోనగరునకు తిరిగిరి. ఒకసారి మేమును వెంట వెళ్లితిమి. కృష్ణ దాటి ఆ పేటలో అడుగిడినంతనే చెవులు పడిపోవును. 1966లో ఏర్పడిన ఆ పేటలో ఒక వీథి నిండ కమాను కట్టలు, ఇంకొక వీథి నిండ రేడియేటర్లు, వేఱొకచోట చెక్క బాడీలు. కంచర వీథి, కుమ్మరి వీథి యని గ్రంథములలో చదివిన పురవర్ణన కన్నులకు కట్టినట్లయ్యెను.

అచ్చటి లేతు పనివాడైన పెద్దాయన మాకు విప్పి చెప్పెను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు సాధన ముండదు. గాలిని మిక్కిలి నొక్కగా పుట్టు వేడికే నూనె మండును. పిస్టను రింగులు అరిగినచో ఆ గాలి జాఱిపోవును. “కుక్కరు రబ్బరు వదులైతే పప్పు ఉడుకుద్దా అమ్మా?” అని ఆయన యడుగగా మాకు శాస్త్రమంతయు తెలిసినట్లయ్యెను. సిలిండర్లను బోరు చేయించి, కొత్త రింగులు వేయించి, డీజిలు పంపును సరిచేయించితిమి. నెలకు మూడు వేలకు మించి తీయరాదని కట్టడి గనుక ఇదంతయు రెండేండ్ల పని. లెక్కలు చూచినచో ఆ సొమ్ముతో నడుచుచున్న పాత బండి నొకదానిని కొనవచ్చును. ఇది లాభమని మేము చెప్పము.

ఎనిమిదేండ్లు దాటిన సరుకు బండికి ఏటేట యోగ్యతాపత్రము వలయును. అదియును చేతికి వచ్చిన పిమ్మట, మహాశివరాత్రి గుంపు తగ్గినాక అత్తగారిని కోటప్పకొండకు తీసికొనిపోతిమి. పూర్వము తిరునాళ్లకు వీథివీథియంతయు ఈ బండి వెనుక నెక్కి పోయెడిదట. ఇప్పుడు చట్ట మొప్పదు. ముందఱనే, మావారికిని మాకును నడుమ ఆమె కూర్చుండిరి. ఏ దిక్కునుండి చూచినను మూడు శిఖరములు కనబడునని ప్రతీతిగల ఆ కొండ, పత్తికట్టె పీకిన బీళ్లపై దూరముననే కనబడెను. ఆమె కొండను చూడలేదు. కన్నులు మూసికొని ఇంజనునే వినుచుండిరి.

ఘాటు మలుపులో రేడియేటరు పొగ లెగసెను. మావారు మొగము చిన్నబుచ్చుకొని దిగిరి. అత్తగారు మాత్రము కాలి క్రిందనుండి నీళ్ల డబ్బా తీసిరి. ఇంటినుండి ఆమెయే తెచ్చినది. “ఇది ఎప్పుడూ ఇక్కడే ఆగేది. చల్లారాక పోయండి, తొందరపడి మూత తియ్యొద్దు” అనిరి.