సముద్రపుటొడ్డున మాటల ఇల్లు

మొన్న వేసవి సెలవులలో ఒక పెండ్లి నిమిత్తం మేము కోయంబత్తూరునుండి సకుటుంబంగా చెన్నపట్నం వెళ్ళాము. ముహూర్తమైన మరునాడు పిల్లలు సముద్రం చూడాలన్నారు. మా అమ్మ మాత్రం, "రేడియో ఇల్లు ఎక్కడరా? అది చూపించు, చాలు" అన్నది. డెబ్బది దాటిన మనిషి అడిగితే కాదనగలమా?

శాంథోములో, బీచి రోడ్డుమీద, లైట్ హౌసుకు దగ్గరలోనే ఉన్నది ఆకాశవాణి. లోపలికి పోవడానికి ముందుగా అనుమతి పొందాలి. మేము పొందలేదు. గేటు బయటనే నిలిచి చూచాము.

ఈ ఊళ్ళో రేడియోకు పురుడు పోసింది ప్రభుత్వం కాదు. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి ప్రభృతులు కలిసి రేడియో క్లబ్బు పెట్టారు. డబ్బు చాలక 1927లో అది మూతపడ్డది. 1930నుండి కార్పొరేషనువారు నడిపారు. 1938 జూన్ 16న ఎగ్మూరులో ఆలిండియా రేడియో కేంద్రం వెలసింది. సముద్రపుటొడ్డుకు మారింది 1954లో. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం తెరిచేవరకు మద్రాసు రాజధానిలోని తెలుగువారికి ప్రసంగమైనా, నాటకమైనా మద్రాసే దిక్కు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలకు రేడియో అన్నయ్య, అక్కయ్య అయినది ఈ కేంద్రంలోనే. బాలాంత్రపు రజనీకాంతరావుగారు పనిచేసినదీ ఇక్కడే.

అమ్మ బడిలో చదివినది అరవం. తెలుగు అక్షరం రాదు. కాపురానికి వచ్చిన కొత్తలో మా తాతగారి పెద్ద రేడియోలో రాత్రిపూట విజయవాడ పట్టేదట. పగలు మీడియం వేవు తరంగాలను ఎండకు పుట్టిన ఒక పొర ఆకాశంలో మింగివేస్తుంది. చీకటిపడగానే అది తొలగి, తరంగాలు ఇంకా పై పొరకు తగిలి దూరాలకు దిగుతాయి. అమ్మకు ఈ శాస్త్రంతో పనిలేదు. వంటిల్లు సర్దే వేళకు తెలుగు వస్తుందని మాత్రం తెలుసు. వాయుగుండం, సమావేశం, దిగుబడి వంటి మాటలన్నీ ఆ గరగరలోనుంచి ఏరుకొన్నవే.

గేటువద్ద మా చిన్నమ్మాయి, "అవ్వా, ఇప్పుడు ఫోనులోనే వస్తుంది" అని విజయవాడ కేంద్రం పెట్టి చేతికిచ్చింది. రైతుల కార్యక్రమం వస్తున్నది. అమ్మ చెవి దగ్గర పెట్టుకొని, "గరగర లేదే!" అని ఆశ్చర్యపోయింది.

"గిట్టుబాటు అంటే ఏమి అవ్వా?" అని అడిగింది పిల్ల.

"కట్టుపడి" అని అమ్మ అరవంలో చెప్పింది. పిల్లకు వెంటనే తెలిసిపోయింది.

మాకు నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. తెలుగింటి పిల్లకు తెలుగు మాట అరవంలో చెబితేగాని తెలియలేదు. చెప్పినదో, అక్షరం రాని అవ్వ. మధ్య తరంవారం, రెండు భాషలూ చదివినవారం, మేము చేసినదేమిటి?

ఊరికి వచ్చినప్పటినుండి రాత్రి భోజనాలైన తరువాత మా ఇంట అరగంట తెలుగు రేడియో. తెలియని మాట వస్తే పిల్ల వ్రాసుకొంటుంది, అవ్వ అర్థం చెబుతుంది. ఇప్పటికి నోటుబుక్కులో నలభైమూడు మాటలు చేరాయి. అన్నీ అరవ లిపిలోనే. అక్షరాలు దిద్దించవలసిన పని మాది. ఇన్నేండ్లు వాయిదా వేసిన తప్పూ మాదే. వచ్చే ఆదివారం పలక తెస్తున్నాము.