మానిటర్ లైటు చూశారా?

మొన్న వైశాఖంలో మా అక్క ఫోన్ చేసింది. ఏడుపొక్కటే తక్కువ. తను ఇంట్లోనే డీటీపీ చేస్తుంది. పెళ్లిళ్ల రోజులు, చేతినిండా శుభలేఖలు. కంప్యూటరేమో ఉన్నట్టుండి టప్పున ఆరిపోతోంది. ఒకరోజు గంటసేపు బాగానే ఉంటుందట, ఇంకోరోజు పది నిమిషాలకే పోతుందట. కొట్టిందంతా మళ్లీ కొట్టుకోవాలి. అప్పటికే లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మార్పించింది. ఇప్పుడేమో మదర్‌బోర్డు పోయిందంటున్నారు.

మీరైతే ఏం చేసేవారు? నేను ఒకటే అడిగాను. “అక్కా, ఆరిపోయినప్పుడు మానిటర్ కింద చిన్న లైటుంటుంది చూడు, అది కూడా పోతోందా?”

“అదెవరు చూశార్రా!” అంది. ఈసారి చూడమన్నాను. సాయంత్రం మళ్లీ ఫోన్: “అదీ పోయిందిరా.”

ఆ లైటులో ఎంత కబురుందో చూడండి. లోపం కేబినెట్‌లో ఉంటే కంప్యూటర్ ఒక్కటే పోతుంది. మానిటర్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి ‘నో సిగ్నల్’ అంటుంది. రెండూ కలిసి పోయాయంటే, రెండింటికీ కరెంటు ఇచ్చేచోట వెతకాలి.

ఆదివారం వెళ్లి బల్ల కింద చూశాను. యూపీఎస్ 600 వీఏది, మోయగలిగేది 360 వాట్లు. దానికే లేజర్ ప్రింటర్ కూడా తగిలించి ఉంది! కాగితం మీద పడ్డ పొడిని కరిగించి అంటించడానికి ఆ ప్రింటర్లో ఫ్యూజర్ అని వేడి రోలర్ ఉంటుంది. అది వేడెక్కేటప్పుడు ఇస్త్రీపెట్టెలా కరెంటు లాగేస్తుంది. ప్రింటు ఇచ్చినప్పుడే కాదు, ఊరికే ఉన్నప్పుడు కూడా వేడి తగ్గకుండా మధ్యమధ్య తనంతట తనే లాగుతుంటుంది. అందుకే అక్కకి వేళాపాళా లేకుండా ఆరిపోతున్నట్టు అనిపించింది. యూపీఎస్ మోయలేక ఒక్క క్షణం చేతులెత్తేసి, మళ్లీ తేరుకునేది. దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. ప్రింటర్ ప్లగ్గు తీసి గోడకున్న సాకెట్లో పెట్టాను. ఆ సీజనంతా కంప్యూటర్ మళ్లీ ఆరలేదు.

మీ ఇంట్లో కంప్యూటర్ ఆరినా మానిటర్ లైటు వెలుగుతూనే ఉందనుకోండి, అప్పుడు కేబినెట్ తలుపు తీయాల్సిందే. బరువైన పని పెట్టిన పావుగంటకి ఆరి, వెంటనే ఆన్ చేస్తే ఇంకా తొందరగా ఆరిపోతోందా? అయితే ముందు వేడిని అనుమానించండి. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకి పోతే తనను తాను కాపాడుకోవడానికి అన్నీ ఆపేస్తుంది. ఫ్యాను కింద రెక్కల్లో దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది, థర్మల్ పేస్టు ఎండి సున్నంలా అయ్యుంటుంది. బ్రష్షుతో దులిపి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఇక నీలం తెర వచ్చి, వచ్చినప్పుడల్లా వేరే కారణం చెబుతుంటే ర్యామ్ ముక్కల్ని ఒక్కొక్కటిగా పెట్టి చూడండి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్లో ‘కెర్నల్ పవర్ 41’ కనిపిస్తే కంగారు పడకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం, ఎందుకాగిందో అది చెప్పదు. ఆ ‘ఎందుకు’ తెలిసేది ఎదురుగా కూర్చుని పనిచేసే మీకే. క్యాలెండర్లో పాలలెక్క పక్కనే రాసిపెట్టండి: ఎన్నింటికి ఆరింది, అప్పుడేం చేస్తున్నారు, ఇంట్లో ఇంకేం నడుస్తోంది. మార్చేదేదైనా ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలీదు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, షాక్ కొడుతుంది.

అన్నట్టు, అక్క తీసేయించిన పాత ఎస్‌ఎంపీఎస్ అటక మీదే ఉంటే దింపి తగిలించి చూశాం. రెండు రోజులు దానిమీదే శుభలేఖలు చేసింది. శుభ్రంగా పనిచేసింది.